అమ్మ అంటే ఎన్ని అక్షరాలు?



మనం ఇక్కడ ఎక్కువగా స్కాలర్‌షిప్ తేదీలు, హాస్టల్ సీట్లు, నోటిఫికేషన్ల గురించే రాసుకుంటాం. ఈసారి వేరే సంగతి రాస్తున్నా. కంప్యూటర్ చదివేవాళ్లకే కాదు, ఫోన్లో తెలుగు టైప్ చేసే ఎవరికైనా పనికొస్తది. కొంచెం పొడుగు ఉంటది, మెస్‌లో లైన్‌లో నిలబడ్డప్పుడు చదువుకోండి.

ముందు ఒక ప్రశ్న. "అమ్మ" అనే మాటలో ఎన్ని అక్షరాలు? ఒకటో తరగతి పిల్లని అడిగినా రెండు అంటది. పైథాన్‌ని అడిగితే నాలుగు అంటది. సీ లాంగ్వేజ్‌లో పొడవు కొలిచే ఫంక్షన్‌ని అడిగితే, మామూలుగా ఇప్పుడు వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో, పన్నెండు అంటది. ఒక్క మాటకి మూడు లెక్కలు. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పట్లేదు, ఒక్కొక్కరు ఒక్కొక్క వస్తువుని లెక్కపెడుతున్నారు, అంతే. ఈ సంగతి అర్థం కావడానికి నాకు ఒక సెమిస్టర్ పట్టింది.

నేను బీఎస్సీ కంప్యూటర్స్ రెండో సంవత్సరం. మాది ఉట్నూర్ వైపు ఊరు, ఇంట్లో గోండి మాట్లాడతాం. నాన్న పత్తి, జొన్న, కంది వేస్తడు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదటిదాన్ని. పదో తరగతి వరకు ఆశ్రమ పాఠశాల, తెలుగు మీడియం. నా కంటే ముందు మా పెద్దనాన్న కొడుకు వేరే కాలేజీలో ఇదే కోర్సులో చేరి ఫస్టియర్ సగంలోనే వచ్చేసిండు. "మిషన్‌కి ఇంగ్లిష్ తప్ప ఏం రాదు, మనకి ఇంగ్లిష్ రాదు, ఇంకేం కూర్చుంటం" అన్నడు. ఇప్పుడు ట్రాక్టర్ నడుపుతున్నడు, బాగానే ఉన్నడు. కానీ ఆ మాట మా ఊళ్లో నిలబడిపోయింది. ఎవరన్నా కంప్యూటర్ కోర్సు అంటే పెద్దవాళ్లు ఆ మాటే చెప్తరు. నేను చేరినప్పుడు కూడా చెప్పిండ్రు.

లాబ్‌లో మినీ ప్రాజెక్ట్ కింద మాట కనిపెట్టే ఆట ఇచ్చిండ్రు. మీకు తెలిసే ఉంటది. కంప్యూటర్ ఒక మాట దాచిపెడుతది. ఎన్ని అక్షరాలుంటే అన్ని గీతలు చూపిస్తది. మనం ఒక్కో అక్షరం చెప్పాలె. ఉంటే ఆ గీత మీద అక్షరం తేలుతది, లేకపోతే ఒక ఛాన్స్ పోతది. ఇంగ్లిష్‌లో దీనికి ఉరి బొమ్మ గీస్తరు. నాకు ఆ బొమ్మ నచ్చదు. నా ఆటలో చెట్టు నుంచి ఇప్పపువ్వు రాలినట్టు పెట్టుకున్నా, ఏడు పూలు రాలితే ఆట అయిపోయినట్టు.

చిన్న ఆటే కానీ స్ట్రింగ్స్ గురించి నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి ఆట లేదు. స్ట్రింగ్ అంటే అక్షరాల దండ అనుకోండి. దాచిన మాట ఒక స్ట్రింగ్. ఆడేవాళ్లు టైప్ చేసేది ఇంకో స్ట్రింగ్. గీతలు కూడా స్ట్రింగే. మూడింటినీ ఒకదానితో ఒకటి పోల్చుకుంటూ పోవడమే ఆట మొత్తం.

పైథాన్‌లో స్ట్రింగ్‌కి ఒక మొండితనం ఉంది. ఒకసారి తయారైతే మధ్యలో మార్చనియ్యదు. నాలుగు గీతల స్ట్రింగ్ ఉంది, రెండో గీత తీసి అక్కడ అక్షరం పెట్టమంటే ఒప్పుకోదు, టైప్ ఎర్రర్ అని ఎర్రగా చూపిస్తది. అందుకే గీతలని స్ట్రింగ్‌గా కాకుండా లిస్ట్‌గా పెట్టాలె. లిస్ట్‌లో ఏ పూస అయినా తీసి వేరే పూస ఎక్కించొచ్చు. చూపించేటప్పుడు మాత్రం జాయిన్ అనే దానితో పూసలన్నీ దారానికి గుచ్చి ఒకే స్ట్రింగ్ చేసి చూపిస్తం. లిస్ట్‌లో గీత ఒక్కటి కూడా మిగలకపోతే గెలిచినట్టు. ఇది ఏ భాషకైనా ఒకటే, ఇంతవరకు అందరికీ తొందరగానే వస్తది.

ఇంగ్లిష్ మాటలతో ఆట రెండు గంటల్లో తయారైంది. మార్కులకి అది చాలు. తెలుగు మాటలు పెడదామనుకుంటున్నా అంటే లాబ్‌లో సార్ "ఇంగ్లిష్ పెట్టుకో, పనైపోతది, లేకపోతే లేనిపోని తలనొప్పి" అన్నరు. సార్ చెడ్డగా అనలేదు. తలనొప్పి సంగతి కూడా నిజమే. కానీ నేను ఈ ఆట ఇంటికి తీసుకుపోవాలనుకున్నా. మా చెల్లె ఏడో తరగతి, ఆశ్రమ పాఠశాలలోనే ఉంటది. తను, తన దోస్తులు ఆడకపోతే ఇంత చేసి ఏం లాభం?

దీపావళి సెలవులకి పోయినప్పుడు మా ఊళ్లో దండారి నడుస్తుంది. పగటిపూట పిల్లలు ఖాళీగా ఉన్నరు. నా ఫోన్లో పైడ్రాయిడ్ అనే యాప్ ఉంది, అందులో పైథాన్ నడుస్తది, నెట్ కూడా అక్కర్లేదు. ఇంగ్లిష్ మాటల కోసం రాసిన ప్రోగ్రాంలోనే ఏమైతదో చూద్దామని తెలుగు మాటలు పెట్టి వాళ్ల చేతికిచ్చినా. మొదటి మాట గుస్సాడీ. తెర మీద ఎనిమిది గీతలు పడ్డయి.

పిల్లలు అంత పొడుగు మాట ఏందబ్బా అని ఆలోచించిండ్రు. ఒకడు "ఇంద్రవెల్లి" అన్నడు. ఒకామె "ఇప్పపువ్వు" అని, వేళ్ల మీద లెక్కపెట్టి, "కాదు, నాలుగే వస్తున్నయ్" అన్నది. చివరికి చూపించినా, గుస్సాడీ అని. అందరూ ఒకేసారి ఒర్రిండ్రు. గు, స్సా, డీ, మూడే కదా! మా చెల్లె అయితే "అక్కా, నీ ఫోన్‌కి ఎక్కాలు రావు" అన్నది.

ఎనిమిది ఎట్లా వచ్చింది? ఇదిగో ఇట్లా. కంప్యూటర్‌కి అక్షరం అంటే ఒక నంబర్. ప్రపంచంలో అన్ని లిపులకీ నంబర్లు ఇచ్చే పద్ధతిని యూనికోడ్ అంటరు. 1991లో వచ్చిన మొదటి వెర్షన్‌లోనే తెలుగు ఉంది. మన లిపికి 3072 నుంచి 3199 వరకు స్థలం ఇచ్చిండ్రు. అందులో అ 3077, మ 3118. అయితే గుణింతం మొత్తానికి నంబర్లు ఇయ్యలేదు. గ ఒక నంబర్, కొమ్ము ఇంకో నంబర్. "గు" అంటే రెండు నంబర్లు పక్కపక్కన. ఒత్తుకైతే విడిగా నంబరే లేదు. స్స రాయాలంటే స, తర్వాత పొల్లు గుర్తు, తర్వాత మళ్లీ స. ఆ పొల్లు నంబర్ 3149. అది రెండు హల్లుల మధ్య కూర్చుంటే, తెర మీద బొమ్మ గీసే ఫాంట్ రెండో దాన్ని ఒత్తుగా మార్చి కింద పెడుతది.

ఇప్పుడు లెక్కపెట్టండి. గ, కొమ్ము, స, పొల్లు, స, దీర్ఘం, డ, గుడి దీర్ఘం. ఎనిమిది. "అమ్మ"లో అ, మ, పొల్లు, మ, అందుకే నాలుగు. యూటీఎఫ్-8లో దాచేటప్పుడు ఒక్కో తెలుగు నంబర్‌కి మూడు బైట్లు పడతయి, సీ భాష ఆ బైట్లని లెక్కపెడుతది, నాలుగు మూళ్లు పన్నెండు. మన ఊళ్లల్లో నెట్ లేనప్పుడు మామూలు మెసేజ్ పంపుతం కదా, ఇంగ్లిష్‌లో 160 అక్షరాలకి ఒక మెసేజ్, తెలుగులో 70కే ఒకటి అయిపోతది. ఆ 70లో కూడా పొల్లులు, కొమ్ములు, దీర్ఘాలు అన్నీ లెక్కకి వస్తయని ఇప్పుడు తెలుస్తుంది కదా.

ఇక ఆడేవాళ్లు టైప్ చేసేది. ఈ ఆట ఎక్కడ నేర్పినా, టైప్ చేసింది ఒకే అక్షరమా, నిజంగా అక్షరమేనా అని చూసే రెండు పరీక్షలు పెట్టిస్తరు. పొడవు ఒకటి ఉందా, ఈజ్ ఆల్ఫా అంటే అవును అంటదా. తెలుగులో "గు" టైప్ చేస్తే మొదటి పరీక్ష పొడవు రెండు అని తోసేస్తది. రెండో పరీక్షలో కొమ్ము అక్షరం కాదు, గుర్తు మాత్రమే అని "గు"ని అక్షరమే కాదంటది. మా చెల్లె మొఖం చూడాలె అప్పుడు. పలకలో మొదట నేర్చుకున్న గుణింతం అక్షరం కాదని మిషన్ చెప్తుంది! ఒక్క పని మాత్రం తగ్గింది. ఇంగ్లిష్‌లో పెద్ద బడి చిన్న బడి అక్షరాలని ఒకటి చేయడానికి లోవర్ అని వాడతరు, మనకి అది అక్కర్లేదు.

మా హాస్టల్‌లో ఫైనలియర్ అక్క ఒకామె రెడీమేడ్ లైబ్రరీ ఉంటది వాడుకో అన్నది. ఉంది, రెజెక్స్ అనే మాడ్యూల్. మనిషి కంటికి ఒకటిగా కనిపించే ముక్కలుగా మాటని కోస్తది. కానీ కోసే నియమాలు యూనికోడ్ వాళ్లు రాసినవి, వాటిలో చాలా ఏళ్లు పొల్లు దగ్గర కోసెయ్యమనే ఉండేది. ఆ పాత నియమాలతో గుస్సాడీ నాలుగు ముక్కలు అయితది: గు, స్, సా, డీ. ఒత్తు విడిపోతది. 2023లో వచ్చిన 15.1 వెర్షన్‌లో తెలుగు, హిందీ లాంటి కొన్ని లిపులకి ఒత్తుని కలిపే ఉంచాలని నియమం చేర్చిండ్రు. మన దగ్గరున్న లైబ్రరీ ఏ నియమాలు పాటిస్తదో దాన్ని బట్టి లెక్క మారుతది. అందుకే నేనే సొంతంగా రాసుకున్నా. నిజం చెప్పాలంటే పది లైన్ల పని.

పద్ధతి ఇది. ఒక ఖాళీ లిస్ట్ పెట్టుకోవాలె, గంపలనుకోండి. మాటలోని నంబర్లని ఒక్కొక్కటిగా తీసుకోవాలె. వచ్చింది గుర్తు అయితే, అంటే కొమ్ము, దీర్ఘం, సున్నా, పొల్లు లాంటిది అయితే, చివరి గంపలోనే వెయ్యాలె. గుర్తా కాదా అని తెలుసుకోడానికి పైథాన్‌తో పాటే వచ్చే యూనికోడ్ డేటా అనే మాడ్యూల్ ఉంది, ప్రతి అక్షరం ఏ జాతో చెప్తది, గుర్తుల జాతి పేరు ఎమ్ అనే అక్షరంతో మొదలైతది. వచ్చింది గుర్తు కాదు, హల్లు, కానీ చివరి గంపలో ఆఖరుది పొల్లు అయితే, అది ఒత్తు అన్నట్టు, ఆ గంపలోనే వెయ్యాలె. ఈ రెండూ కాకపోతే కొత్త గంప. అంతే. గుస్సాడీ మూడు గంపలైతది. నాగోబా మూడు. కేస్లాపూర్ నాలుగు: కే, స్లా, పూ, ర్. జోడేఘాట్ నాలుగు.

ఉట్నూర్ దగ్గర ఒక విచిత్రం ఉంది. కొందరు ట కింద నకారం ఒత్తు పెట్టి ఉట్నూర్ అని రాస్తరు. కొందరు ట్ విడిగా, నూ విడిగా ఉట్‌నూర్ అని రాస్తరు. రెండో పద్ధతిలో పొల్లు తర్వాత కంటికి కనిపించని అక్షరం ఒకటి ఉంటది, దాని నంబర్ 8204. తెర మీద దానికి వెడల్పు కూడా లేదు, "ఇక్కడ ఒత్తు చెయ్యకు" అని ఫాంట్‌కి చెప్పడమే దాని పని. మనిషికి రెండూ ఒకే ఊరు. కంప్యూటర్‌కి ఒకటి ఏడు, ఇంకోటి ఎనిమిది, రెండూ సమానమా అంటే కాదు అంటది. స్ట్రిప్ అని ఒకటి ఉంటది, మాటకి అటూ ఇటూ ఉన్న ఖాళీలు తీసేస్తది. 8204ని అది ఖాళీగా చూడదు కాబట్టి ముట్టుకోదు. రీప్లేస్‌తో మనమే తీసెయ్యాలె, పోల్చేటప్పుడు మాత్రమే. ఆన్‌లైన్ ఫారాల్లో పేరు సరిపోలట్లేదు అని వస్తే, కళ్లకి తేడా కనిపించకపోతే, ఇది కూడా ఒక కారణం కావచ్చని గుర్తుపెట్టుకోండి.

గీతలు సరిగా వచ్చినంక ఇంకో గోల. ఇంగ్లిష్‌లో 26 అక్షరాలు, ఆరేడు ఛాన్సులు సరిపోతయి. మనకి గుణింతాలు, ఒత్తులు కలిపితే గంపలో ఉండగలిగేవి వేలల్లో ఉంటయి. "స్సా" అని సరిగ్గా ఎవడు చెప్తడు? అందుకే హల్లు చెప్తే చాలు అని పెట్టినా. స అంటే స్సా తెరుచుకుంటది. ల అంటే కేస్లాపూర్‌లో స్లా తెరుచుకుంటది, ఒత్తుగా ఉన్నా సరే. దీనికి పైథాన్‌లో పెద్ద కష్టం లేదు, ఈ అక్షరం ఆ గంపలో ఉందా అని ఇన్ అనే మాటతో అడిగితే చాలు. పిల్లలెవరైనా "సా" అని టైప్ చేస్తే మొదటి అక్షరం ఒక్కటే తీసుకుంటది.

మళ్లీ చూపించినప్పుడు పిల్లలు ఫోన్ వదల్లేదు. ఛార్జింగ్ అయిపోయేదాకా ఆడిండ్రు. పొద్దుగూకినంక కూడా చీకట్లో "ప, ప చెప్పు" అని గొంతులు వినిపించినయి. మా అమ్మకి చదువు రాదు, వేలిముద్ర వేస్తది. పక్కన కూర్చుని చూస్తూ "అన్నీ బడి మాటలేనా, మన మాటలు లేవా" అని గోండిలో అడిగింది.

అప్పుడు గోండి మాటలు పెట్టినా. యేర్ అంటే నీళ్లు. నార్ అంటే ఊరు. రోన్ అంటే ఇల్లు. పైథాన్ లెక్కలో ఒక్కోటి నాలుగు, గంపల లెక్కలో ఒక్కోటి రెండు. గోండిలో ఇట్లా హల్లుతో ఆగిపోయే మాటలు చాలా ఉంటయి కాబట్టి చివర పొల్లు గంప ప్రతిసారీ వస్తది. ఇక్కడ ఒక పిల్లాడు లొల్లి పెట్టిండు. "నార్ అని ఒక్కసారే అంటం కదా, రెండు గీతలెందుకు?" వాడన్నది కరెక్టే, నోటితో ఒకటే. కాగితం మీద రెండు. నేను కాగితం వైపే ఉన్నా, ఎందుకంటే ఆడేది రాతతో. మీలో ఎవరికైనా వేరే ఆలోచన ఉంటే చెప్పండి, నిజంగా వినాలని ఉంది.

ఉంది, రండ్ అని అంకెలు పెట్టినప్పుడు నవ్వుకున్నరు. గోండిలో ఉంది అంటే ఒకటి. చెల్లె దోస్తు, గోండి రాని పిల్ల, "ఉంది" చూసి "ఏం ఉంది?" అని అడిగింది.

నాకు నవ్వు రానిది ఒకటి జరిగింది. "యేర్" వచ్చినప్పుడు మా చెల్లె వెంటనే చెప్పలేకపోయింది. ర తెరుచుకుంది, మొదటి గీత మిగిలింది, ఇంకా ఆలోచిస్తుంది. తనకి ఆ మాట తెలియక కాదు. అమ్మ అంటే వింటది, అర్థమైతది, కానీ తను అడిగేటప్పుడు ఇంట్లో కూడా నీళ్లు అనే అంటది. ఐదేళ్లుగా హాస్టల్‌లో ఉంది కదా. అమ్మ ఏం అనలేదు. లేచి చెంబుతో నీళ్లు తెచ్చి ముందు పెట్టింది. చెల్లె చెంబు చూసి "యేర్!" అని ఒర్రింది. ఏడు పూలలో ఆరు రాలినయి అప్పటికి.

ఆ రాత్రి నుంచి అమ్మ చెప్తుంటే నేను ఫోన్లో మాటలు ఎక్కిస్తున్నా. పొలం మాటలు, వంట మాటలు, చుట్టరికాలు, చెట్లు. ఇప్పటికి 140 దాటినయి. రాయడంలో ఇంకా తెగని సంగతులున్నయి. కొందరు యేర్ అని రాస్తరు, కొందరు ఏర్ అని. ఇల్లుని మేం రోన్ అంటే కోయ అన్నలు లోన్ అంటరు. అందుకే ఒక్కో మాటకి ఒక్క స్ట్రింగ్ కాకుండా, చెల్లే రాతలన్నీ కలిపి చిన్న లిస్ట్ పెట్టినా. ఏది రాసినా ఒప్పుకుంటది.

గోండి లిపిలోనే పెట్టొచ్చు కదా అని అడుగుతరని తెలుసు. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపికి 2018లో యూనికోడ్ 11.0లో నంబర్లు వచ్చినయి, 73056 నుంచి 73135 వరకు. మసరం గోండి లిపికి అంతకు ముందు ఏడాది, 2017లో వచ్చినయి. పైథాన్‌కి ఇబ్బంది లేదు, ఒక్కో అక్షరాన్ని ఒకటిగానే లెక్కపెడుతది. జావాస్క్రిప్ట్‌లో మాత్రం ఇంత పెద్ద నంబర్లు ఒక్కోటి రెండుగా లెక్కకొస్తయి, వెబ్‌సైట్‌లో ఆట పెట్టేవాళ్లు చూసుకోవాలె. అసలు చిక్కు ఫోన్లది. గుంజాల లిపికి నోటో ఫాంట్ ఉంది, కానీ అది లేని ఫోన్లో డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తది. మా ఊరి ఫోన్లలో అన్నీ డబ్బాలే వచ్చినయి. అందుకే ప్రస్తుతానికి తెలుగు లిపి.

ప్రాజెక్ట్ చూపించిన రోజు సార్ ముందు ఇంగ్లిష్‌దే నడిపించమన్నరు, నడిపించినా. తర్వాత గుస్సాడీ పెట్టమని ఆయనే అడిగిండ్రు. మూడు గీతలు పడ్డంక కాసేపు కోడ్ చూసి, పొల్లు దగ్గర ఏం చేసినవ్ అని అడిగిండ్రు. చెప్పినా. మార్కులు ఇంకా రాలేదు.

పెద్దనాన్న కొడుక్కి కూడా ఫోన్లో పంపినా. ఆడి, "దండారి దొరకబట్టిన, రెండు పూలే రాలినయ్" అని వాయిస్ మెసేజ్ పెట్టిండు. ఇప్పుడు ట్రాక్టర్ మాటలు కూడా పెట్టమంటున్నడు.

మీ నుంచి ఒక సాయం కావాలె. కోలామీ, కోయ, బంజారా, సవర, ఏ భాష వాళ్లయినా సరే, కింద కామెంట్‌లో మీ ఇంటి మాటలు పది రాయండి. మాట పక్కన తెలుగులో అర్థం, ఏ మండలంలో అట్లా అంటరో కూడా పెట్టండి. మధ్యలో పొల్లు విడిగా కనపడాలంటే టైప్ చేసి అట్లనే వదిలెయ్యండి, కనిపించని ఆ 8204 సంగతి నేను చూసుకుంటా. వాయిస్ పంపినా సరే, చదువు రాని అమ్మమ్మ చెప్పిన మాటలైతే ఇంకా మంచిది, నేను రాసి మీకు చూపించినంకే ఆటలో పెడతా.